మంట ఆరిపోయింది కదా, ఒంట్లో ఇంకా ఏం రగులుతోంది?

ప్రశ్న: మా అన్నయ్యకు 38 ఏళ్లు, 65 కిలోలు. బోడుప్పల్‌లో కర్రీ పాయింట్ నడుపుతాడు. తొమ్మిది రోజుల క్రితం సిలిండర్ మారుస్తుంటే గ్యాస్ లీకై గుప్పున మంట లేచింది. ఛాతీ, పొట్ట, ఎడమ చెయ్యి, ఎడమ తొడలో కొంత కాలాయి. 28 శాతం అన్నారు. మొదటి రోజు చాలావరకు పైపైనే కాలిందన్నవాళ్లు మూడో రోజుకల్లా లోతుగా ఉందన్నారు. కుడి చేతికి చిన్న బొబ్బ కూడా లేదు. అయినా ఆ రాత్రికే మొహం, కుడి చెయ్యి ఉబ్బిపోయి వేలికున్న పెళ్లి ఉంగరాన్ని కత్తిరించి తీయాల్సి వచ్చింది. సెలైన్ బాటిళ్ల మీద బాటిళ్లు ఎక్కించి ఉబ్బించేశారని మా బావగారు డాక్టర్లతో గొడవ పడ్డారు. ఇప్పుడు వాపు తగ్గింది గానీ రోజూ సాయంత్రానికి 101 జ్వరం. తెల్ల కణాలు 16 వేలు. కట్టు విప్పితే పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో రసి. అయినా యాంటిబయాటిక్ ఆపేశారు. ఛాతీ, పొట్ట మీద చచ్చిన చర్మం తీసేసి కుడి తొడ నుంచి చర్మం తెచ్చి వేస్తామంటున్నారు. పుండు మీద మళ్లీ కోత ఏమిటని అమ్మ ఒప్పుకోవడం లేదు. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని ఇడ్లీ, మజ్జిగన్నం తప్ప ఏదీ పెట్టనివ్వడం లేదు. బావగారేమో వాట్సాప్‌లో చూసి 2,800 పెట్టి యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ తెప్పించారు. వదిన ఏడుస్తూ కూర్చుంటోంది. నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయమంటారు?
– ఓ చెల్లెలు, బోడుప్పల్

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో మూడింటికి ఇవాళే నిర్ణయం కావాలి. ముందు అవి చెప్పేస్తాను. ఆపరేషన్‌కు ఒప్పుకోండి. అన్నయ్యకు గుడ్డూ పప్పూ పెట్టండి. ఆ క్యాప్సూల్స్ డబ్బా తెరవకండి. అయితే ఈ మూడు ముక్కలూ తీసుకెళ్లి అమ్మగారికి చెప్తే ఆవిడ వినరని నాకు తెలుసు. ఎందుకో మీకు అర్థమైతే మీరే ఆవిడకు నచ్చజెప్పుకోగలరు. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను. నేను గాయాన్ని కళ్లతో చూడలేదు కాబట్టి, చూస్తున్న డాక్టరు మాటకూ నా మాటకూ ఎక్కడైనా తేడా వస్తే వాళ్ల మాటే వినండి.

ఆ ఉంగరం దగ్గర మొదలుపెడతాను. కుడి చేతిని మంట తాకనే లేదు. మరి వేలు ఉంగరం పట్టనంతగా ఎందుకు ఉబ్బింది?

ఒంట్లో అతి సన్నటి రక్తనాళాల గోడ ఒకే ఒక్క కణం మందం ఉంటుంది. పెంకులు పక్కపక్కన పేర్చినట్టు కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చర్మం కాలగానే అక్కడ కాపలా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. దాంతో ఆ పెంకుల మధ్య సందులు తెరుచుకుంటాయి. రక్తంలోని నీరు, దానితోపాటు ప్రోటీన్లు బయటికి ఊరిపోతాయి. వేడి నూనె చుక్క పడితే చుట్టూ ఎర్రగా ఉబ్బుతుంది చూడండి, అదే ఇది. చిన్న గాయమైతే అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒంట్లో 20 శాతం దాటి కాలితే మాత్రం కాలిన చోట పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి, ఏ పాపమూ ఎరగని చోట కూడా నాళాలు కారడం మొదలవుతుంది. మీ అన్నయ్య కుడి వేలు ఉబ్బింది అందుకే. ఆ ఉంగరాన్ని కత్తిరించినవాళ్లు మంచి పని చేశారు. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే వేలికి రక్తం ఆడేది కాదేమో.

బావగారి కోపం నాకు అర్థమైంది. ఒకపక్క బాటిల్ ఎక్కుతుంటే ఇంకోపక్క మనిషి ఉబ్బుతుంటే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. ఆయనకు ఈ లెక్క చూపించండి. అమెరికాలో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆస్పత్రిలో 1960ల్లో కట్టిన లెక్క ఇది. కాలినవాళ్లకు ద్రవాలు ఎక్కించడానికి ఇప్పటికీ చాలాచోట్ల దీనితోనే మొదలుపెడతారు. బరువు ఎన్ని కిలోలో, ఎంత శాతం కాలిందో ఆ రెండూ గుణించి, దాన్ని 4 తో గుణించాలి. 65 కిలోలు, 28 శాతం. వచ్చేది 7,280 మిల్లీలీటర్లు. అర లీటరు బాటిళ్లలో దాదాపు 15. అందులో సగం, కాలిన గంట నుంచి లెక్కపెట్టి మొదటి 8 గంటల్లోనే ఎక్కాలి. ఆ తర్వాత గంటగంటకూ మూత్రం ఎంత వస్తోందో చూసి పెంచుతారు, తగ్గిస్తారు. కుండకు చిల్లులు పడ్డప్పుడు పోసిన నీళ్లలో కొన్ని బయటికి కారతాయి. అలాగని పోయడం ఆపేస్తే రక్తపోటు పడిపోయి కిడ్నీలు ఆగిపోతాయి. ఎక్కించిన దాంట్లో కొంత వాపుగా మారిన మాట నిజమే. అది తెలిసే, గత్యంతరం లేకే ఎక్కిస్తారు.

ఇక అసలు సంగతి. మంట ఆరి తొమ్మిది రోజులైంది. ఇంకా ఏం రగులుతోంది?

కణం కాలి పగిలితే లోపలి సరుకంతా బయట పడుతుంది. అందులో ఒకటి మైటోకాండ్రియా, కణానికి శక్తి తయారు చేసి పెట్టే భాగం. దాని పుట్టుక చాలా చిత్రమైనది. ఎప్పుడో 150 కోట్ల ఏళ్లకు పైగా క్రితం అవి విడిగా బతికిన బాక్టీరియా. ఇంకో కణంలోకి చేరి అక్కడే కాపురం పెట్టాయి. ఆ పాత చుట్టరికం పోలికలు వాటి డీఎన్ఏలో, వాటి ప్రోటీన్లలో ఇప్పటికీ ఉన్నాయి. కాలిన కణాల్లోంచి అవి రక్తంలో పడగానే మన రోగనిరోధక వ్యవస్థ వాటిని సూక్ష్మజీవులుగానే పోల్చుకుంటుంది. ఒక్క క్రిమి కూడా లోపలికి రాకముందే, లక్షల క్రిములు వచ్చిపడ్డాయన్నట్టు సైన్యాన్ని దించుతుంది. చిన్న దెబ్బకు ఇది మంచిదే. 28 శాతం చర్మం ఒక్కసారిగా ఆ కేక పెడితే వచ్చే సైన్యం మామూలుగా ఉండదు.

ఆ సైన్యంలో ముందు వచ్చేవి న్యూట్రోఫిల్స్. తెల్ల కణాల్లో ఎక్కువ భాగం ఇవే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎముక మజ్జ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. కాలినప్పుడు ఇంకా ఎక్కువ. మీ అన్నయ్య రిపోర్టులో కనబడ్డ 16 వేలు ఆ హడావిడే. మామూలుగా 11 వేలు దాటకూడదు.

న్యూట్రోఫిల్ ఆయుధం ఏమిటో చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. పొద్దున్నే నల్లా తిప్పితే నీళ్లలో ఒక్కోరోజు క్లోరిన్ వాసన వస్తుంది కదా. నీళ్లలో క్లోరిన్ కలిపితే హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది, క్రిముల్ని చంపేది అదే. న్యూట్రోఫిల్ అదే ఆమ్లాన్ని తనలో తానే తయారు చేసుకుంటుంది. గబగబా ఆక్సిజన్‌ను పీల్చుకుని ముందు సూపర్ ఆక్సైడ్ చేస్తుంది. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. మెడికల్ షాపులో దొరికే, పుండు మీద పోస్తే నురగ వచ్చే మందు అదే. ఆ పెరాక్సైడ్‌ను మన ఒంట్లోని ఉప్పుతో కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మార్చేది మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము. ఈ ఎంజైము రంగే ఆకుపచ్చ. రసిలో, చీములో కనబడే ఆ పచ్చదనంలో చాలావరకు దానిదే.

వార్డులో కట్లు విప్పేటప్పుడు నేనెప్పుడూ ఆ గాజుగుడ్డను వెలుతురులో పెట్టి చూసేవాణ్ని. అంచుల్లో లేత పసుపు, మధ్యలో చిగురాకు రంగు, గుడ్డ గట్టిపడి కరకరలాడుతూ ఉంటుంది. ఇంటివాళ్లకు అది కుళ్లు. నాకు మాత్రం నిన్న రాత్రంతా జరిగిన యుద్ధం కనబడేది. ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. కాలిన గాయానికి పూసే సిల్వర్ క్రీము తెల్లగా ఉంటుంది. అది రసితో కలిసి మర్నాటికి పసుపుపచ్చటి పొరగా తేలుతుంది. చూస్తే అచ్చం చీములాగే ఉంటుంది. కడిగితే ఊడిపోతుంది. అలాగని పచ్చగా కనబడ్డ ప్రతిదీ మంచిదని అనుకోవద్దు. నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ రంగులో ఉండి, తియ్యటి విచిత్రమైన వాసన వస్తే అది సూడోమోనాస్ అనే క్రిమి పని. కాలిన గాయాలకు అది పాత శత్రువు. అందుకే గాయం నుంచి కల్చర్ (ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపారా, రిపోర్టులో ఏం వచ్చిందని డాక్టర్‌ను అడగండి. అది అడగాల్సిన ప్రశ్నే, అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, ఆ ఆమ్లానికి క్రిమికీ పక్కనున్న మంచి కణానికీ తేడా తెలియదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. ఇలాంటి ఆక్సిజన్ రసాయనాలు ఒంటికున్న అణిచే శక్తిని మించిపోవడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ప్రతి కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసింది. కర్రీ పాయింట్ నడిపే అన్నయ్యకు బాగా తెలుసు, నూనె నిల్వ ఉంటే చేదెక్కి వాసన కొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ కొవ్వును పాడు చేయడం అది. ఒక అణువు పాడైతే అది పక్కదాన్ని పాడు చేస్తుంది, అది ఇంకోదాన్ని. కణం పొరలో అదే జరిగితే కణం పగిలిపోతుంది. పగిలిన కణం సరుకు మళ్లీ బయటికి, దాన్ని చూసి మళ్లీ కొత్త న్యూట్రోఫిల్స్. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి. ఇంకా ఏం రగులుతోంది అని పైన అడిగానే, అది నిజంగా రగలడమే.

మొదటి రోజు పైపైన అన్నవాళ్లు మూడో రోజు లోతు అన్నారని మీకు అనుమానం వచ్చింది కదా. వాళ్లు మాట మార్చలేదు, గాయమే మారింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జాక్సన్ అనే సర్జన్ 1953లో కాలిన చర్మాన్ని మూడు వలయాలుగా వివరించారు. పెనం మీద మాడిన రొట్టెలాగా నట్టనడుమ పూర్తిగా చచ్చిన భాగం. బయటి అంచున ఎర్రబడి, దానంతటదే మానిపోయే భాగం. ఈ రెంటికీ మధ్య ఒక వలయం ఉంటుంది. అందులో కణాలు బతికే ఉంటాయి, రక్తం మాత్రం సరిగా ఆడదు. ఆ మధ్య వలయం బతుకుతుందా చస్తుందా అన్నది మొదటి రెండు మూడు రోజుల్లో తేలుతుంది. రక్తం ఆగి ఆగి మళ్లీ పారినప్పుడు క్సాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము అక్కడ సూపర్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది. పైనుంచి న్యూట్రోఫిల్స్ సన్నటి నాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. మధ్య వలయం ఓడిపోతే, పైపైన కాలిన గాయం లోతైపోతుంది. మంట ఎప్పుడో ఆరిపోయినా గాయం ఇంకా కాలుతూనే ఉన్నట్టు. కాలిన వెంటనే 20 నిమిషాలు మామూలు నల్లా నీళ్ల కింద పెట్టమని మేం మొత్తుకునేది ఈ మధ్య వలయం కోసమే. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, దోసె పిండి వద్దు, పసుపు వద్దు. వట్టి నీళ్లు.

ఇక జ్వరం. పైన చెప్పిన కణాలు ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్ఎఫ్ అనే రసాయనాలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. అవి మెదడుకు చేరి ఒంటి వేడిని కొంచెం పైన పెడతాయి. పెద్దగా కాలినవాళ్లకు క్రిమి లేకపోయినా రోజూ 101 దాకా వేడి ఉండటం, గుండె వేగంగా కొట్టుకోవడం, తెల్ల కణాలు పెరగడం, షుగర్ లేనివాళ్లకు కూడా షుగర్ పెరగడం మామూలే. అందుకే ఒక్క జ్వరాన్ని చూసి యాంటిబయాటిక్ ఇవ్వరు. ముందుజాగ్రత్త పేరుతో ఇంజెక్షన్లు కొనసాగిస్తే మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. పైగా చచ్చిన చర్మానికి రక్తం ఆడదు. నరంలోకి ఎక్కించిన మందు అక్కడికి ఏ దారిన వెళ్తుంది? ఆపిన డాక్టరు అశ్రద్ధతో ఆపలేదు, ధైర్యం చేసి ఆపారు. ఆ ధైర్యానికి నేను దండం పెడతాను.

అయితే మీరూ వదినా కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. జ్వరం 102 దాటి పోతున్నా, దానికి ఉల్టాగా ఒళ్లు చల్లబడి 97 లోపుకు పడిపోయినా చెప్పండి. మనిషి తికమకగా మాట్లాడినా, మత్తుగా పడి ఉన్నా, ఊపిరి వేగం పెరిగినా, మూత్రం తగ్గినా, నిన్నటిదాకా తిన్నవాడు ఇవాళ కడుపుబ్బి తిండి వద్దన్నా, గాయంలో కొత్తగా నల్లటి మచ్చలు తేలినా వెంటనే నర్సును పిలవండి. అప్పుడు అది వట్టి రగులుడు కాదు, రక్తంలోకి క్రిమి దిగిందేమో చూడాలి. అలాంటప్పుడు యాంటిబయాటిక్ ఒక్క గంట కూడా ఆలస్యం కాకూడదు.

అమ్మగారి భయం దగ్గరికి వస్తాను. పుండు మీద మళ్లీ కోత ఎందుకు?

రెండో దశలో మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు వస్తాయి. ఇవి మొదట యుద్ధంలో దిగినా, చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను మింగి శుభ్రం చేస్తూ చేస్తూ స్వభావం మార్చుకుంటాయి. మంటను చల్లార్చే సంకేతాలు పంపుతాయి. కొత్త నాళాలను, కొత్త చర్మాన్ని పిలుస్తాయి. గాయం మానడం అంటే ఈ మలుపు తిరగడమే. చచ్చిన చర్మం అట్టలా అంటుకుని ఉంటే ఆ మలుపు రాదు. అది ఉన్నన్నాళ్లూ పగిలిన కణాల సరుకు కారుతూనే ఉంటుంది, న్యూట్రోఫిల్స్ వస్తూనే ఉంటాయి. పొయ్యిలో కట్టెలు అలాగే ఉంచి పైన నీళ్లు చల్లుతూ కూర్చుంటే ఏం లాభం? కట్టెలు తీసేయాలి. అమ్మగారికి ఈ మాట ఇలాగే చెప్పండి. ఆవిడ తరం కట్టెల పొయ్యి మీద వండినవాళ్లు, ఒక్క నిమిషంలో అర్థం చేసుకుంటారు.

ఒకప్పుడు చచ్చిన చర్మం దానంతటదే ఊడేదాకా వారాల తరబడి ఆగేవారు. అప్పటి యుగోస్లావియాలో మారిబోర్ అనే ఊళ్లో జోరా యాంజెకోవిచ్ అనే సర్జన్, ఊరుకోకుండా తొలిరోజుల్లోనే ఆ చర్మాన్ని పల్చగా పొరలు పొరలుగా, రక్తం చుక్కలు తేలేదాకా చెక్కి, వెంటనే కొత్త చర్మం వేశారు. 1970లో ఆమె ఆ సంగతి ప్రచురించాక ప్రపంచమంతా దారి మార్చుకుంది. మీ అన్నయ్యకు ఇప్పటికే తొమ్మిది రోజులు. ఇంకా ఆగితే క్రిములకు మనమే చోటు ఇచ్చినట్టు. తొడ నుంచి తీసేది మొత్తం చర్మం కాదని కూడా ఆవిడకు చెప్పండి. మిల్లీమీటరులో మూడో నాలుగో వంతు మందం ఉన్న పై పొర మాత్రమే తీస్తారు. ఆ చోటు రెండు వారాల్లో దాదాపు మానిపోతుంది. డబ్బు గురించి మీరు రాయలేదు గానీ, రేషన్ కార్డు ఉంటే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీలో కాలిన గాయాల చికిత్స ఉంది.

తిండి విషయం రాసేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నేను కొత్తగా వార్డులో చేరిన రోజుల్లో ఒక కుర్రాడికి చేయగలిగినవన్నీ చేశాం. వేసిన చర్మం అతుక్కోలేదు. రెండోసారి వేస్తే అదీ సగం పోయింది. ఒకరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి వాళ్లమ్మ స్టీలు క్యారియర్ విప్పుతోంది. మూడు గిన్నెల్లోనూ చారన్నమే. పథ్యం అంది. మూడు వారాలుగా అంతేనట. నేను రోజూ అతని కట్టు చూశాను, చార్టు చూశాను, ఆ క్యారియర్ మూత ఒక్కరోజు కూడా తీసి చూడలేదు. అతని తొడలు అప్పటికి నా మోచేతి అంత సన్నబడ్డాయి. ఆ తర్వాత నేను ఏ బెడ్ దగ్గరికి వెళ్లినా ముందు క్యారియర్ చూశాకే కట్టు చూసేవాణ్ని.

ఎందుకంటే ఈ రగులుడుకు ఇంధనం ఒంట్లోంచే పోతుంది. పెద్దగా కాలిన మనిషి పడుకుని ఉన్నా ఒళ్లు పరుగెడుతున్నట్టే ఖర్చు చేస్తుంది. చాలినంత తిండి లేకపోతే కండను కరిగించుకుంటుంది. రసితోపాటు ప్రోటీన్ కారిపోతూనే ఉంటుంది. పెద్దగా కాలినవాళ్లకు కిలో బరువుకు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రోటీన్ కావాలి. మీ అన్నయ్యకు అంటే దాదాపు 100 నుంచి 130 గ్రాములు. ఒక ఇడ్లీలో ఉండేది 2 గ్రాములు. రోజంతా ఇడ్లీలూ మజ్జిగన్నమూ పెట్టినా 30 దాటడం కష్టం. అదే నాలుగు గుడ్లు 24, రెండు కప్పుల ముద్దపప్పు 15, అర లీటరు పాలు 16, పెద్ద కప్పు గడ్డపెరుగు 6, వండిన కోడికూర ముక్కలు 150 గ్రాములు ఉంటే 40. మొత్తం 100 దాటింది. పైన అన్నం కూడా తగ్గించకండి, శక్తి దాన్నుంచే వస్తుంది. ఒక్కసారే తినలేడు కాబట్టి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. కిడ్నీ రిపోర్టు చూసి డైటీషియన్ అంకెలు కాస్త మారిస్తే వాళ్లు చెప్పినట్టే చేయండి.

పప్పు తింటే చీము పడుతుందన్న మాట మా ఇంట్లో మా నానమ్మా అనేది. చీము అంటే పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్స్, క్రిములు, కరిగిన కణాల ముద్ద. పప్పు దానిలోకి రాదు. పప్పు లేకపోతే కొత్త న్యూట్రోఫిల్ తయారవడానికి ముడిసరుకే ఉండదు. అమ్మగారు ప్రేమతోనే పథ్యం పెడుతున్నారు. ఆవిణ్ని తప్పుపట్టకుండా, "గుడ్డు నీ చేత్తో తినిపించు" అని ఆ పని ఆవిడకే అప్పగించండి.

బావగారు తెచ్చిన క్యాప్సూల్స్ గురించి. ఆయన ఆలోచనలో తర్కం ఉంది: ఆక్సిడెంట్లు (పైన చెప్పిన ఆక్సిజన్ రసాయనాలు) చెడు చేస్తుంటే, వాటిని అణిచే యాంటీ ఆక్సిడెంట్లు వేస్తే సరి. డాక్టర్లూ అలాగే ఆలోచించి ప్రయత్నించారు. 2000లో జపాన్ డాక్టర్లు మొదటి 24 గంటల్లో నరంలోకి విటమిన్ సి ఎక్కించి చూశారు. గంటకు కిలో బరువుకు 66 మిల్లీగ్రాములు. 65 కిలోల మనిషికి రోజు మొత్తానికి దాదాపు 103 గ్రాములు, 500 మిల్లీగ్రాముల మాత్రలు 200 పైన. ఎక్కించాల్సిన ద్రవాలు తగ్గాయి, వాపు తగ్గింది. కానీ అంత మోతాదు కిడ్నీలో ఆక్సలేట్‌గా పేరుకునే ప్రమాదం ఉంది. వేలిని పొడిచి చూసే షుగర్ మీటరు కూడా తప్పు చూపిస్తుంది. అందుకే అందరికీ వాడటం లేదు. పైగా ఆ అవకాశం మొదటి రోజుతోనే అయిపోయింది. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒకటి) మీద కూడా చాలా ఆశ పెట్టుకున్నారు. తీవ్రంగా కాలిన 1,200 మంది మీద చేసిన పెద్ద పరిశోధన 2022లో వచ్చింది, ఏ మేలూ కనబడలేదు.

ఇంకో సంగతి ఉంది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు, ఈ ఆక్సిడెంట్లను పూర్తిగా అణిచేస్తే క్రిముల్ని చంపేది ఎవరు? పుట్టుకతోనే ఈ ఆయుధం లేని పిల్లలు ఉంటారు. వాళ్ల న్యూట్రోఫిల్స్ సూపర్ ఆక్సైడ్‌ను చేయలేవు. ఆ పిల్లలు ఒక ఇన్‌ఫెక్షన్ నుంచి కోలుకునేలోపు ఇంకోదానిలో పడతారు. కాబట్టి మనకు కావలసింది అణిచివేయడం కాదు, ఒంటి సొంత కాపలాదారుకు బలం. ఆ కాపలాదారు పేరు గ్లూటాథయోన్. మూడు అమైనో ఆమ్లాలు కలిస్తే అది తయారవుతుంది, అందులో గంధకం ఉన్న సిస్టీన్ ముఖ్యం. అది పుష్కలంగా ఉండేది ఎక్కడో తెలుసా? గుడ్డులో. 2,800 పెట్టి కొన్నది ఆ డబ్బాలో ఉందో లేదో గానీ, అమ్మగారు వద్దంటున్న గుడ్డులో మాత్రం ఉంది. రసితోపాటు జింక్, సెలీనియం, రాగి కూడా పోతాయి. ఆస్పత్రివాళ్లు లెక్క చూసి ఇస్తారు, ఇస్తున్నారేమో అడగండి. సొంతంగా పైనుంచి వేయకండి. అన్నయ్యకు సిగరెట్ అలవాటుంటే ఇదే మానిపించే సమయం. ఆ పొగలో ఆక్సిడెంట్లు ఉంటాయి, అది కొత్త చర్మానికి చేరే రక్తాన్నీ తగ్గిస్తుంది.

మొదటి వారాల్లో ఇంతగా ఎగిసిన సైన్యం తర్వాత అలసిపోతుంది. ముఖ్యంగా లింఫోసైట్లు అనే మరో రకం తెల్ల కణాలు డీలా పడతాయి. అప్పుడు చిన్న క్రిమి కూడా పెద్ద పని చేస్తుంది. చుట్టాలందరూ ఆపిల్ పళ్లు పట్టుకుని వరసగా రావడం ఇప్పుడు వద్దు. దగ్గర ఒక్కరే ఉండండి. ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. ఎవరు ఏమనుకున్నా సరే, తలుపు దగ్గరే ఆపేయండి, ఆ మాట నా పేరు మీద చెప్పండి. వార్డు ఉక్కగా ఉందని ఏసీ పెంచమని అడగకండి. చర్మం లేని ఒళ్లు వేడిని నిలుపుకోలేదు, చలి వేస్తే ఇంకా ఖర్చవుతుంది.

కర్రీ పాయింట్ మళ్లీ తెరిచేలోపు రెగ్యులేటరు, రబ్బరు ట్యూబు మార్పించండి. గ్యాస్ వాసన వస్తే పిలవాల్సిన నంబరు 1906. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఆపరేషన్ అయ్యాక మూడు నుంచి ఐదు రోజుల మధ్య మొదటి కట్టు విప్పుతారు. ఆ రోజు వదినను లోపలికి రానిస్తారేమో అడగండి, చాలామంది రానిస్తారు. వేసిన చర్మం లేత గులాబీ రంగులో ఉండి, వేలితో మెల్లగా నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే, కింది నాళాలు దానిలోకి పాకాయన్నమాట. అక్కడక్కడా చిన్న చోట్ల పట్టకపోయినా కంగారు పడొద్దు, అవి వాటంతటవే పూడతాయి. కొన్ని నెలలపాటు విపరీతంగా దురద పెడుతుంది. అందులో కూడా ఆ మాస్ట్ కణాల హిస్టమిన్ పని కొంత ఉంటుంది. గోళ్లు పెట్టనివ్వకండి, మందు ఉంది, అడగండి. మచ్చ ఉబ్బెత్తుగా లేవకుండా బిగుతు బట్టలు ఇస్తారు. రోజుకు 23 గంటలు, దాదాపు ఏడాది వేసుకోవాలి. మన ఎండల్లో అది నరకంలా ఉంటుంది. అప్పుడు అన్నయ్య విసుక్కుంటే, తీసేస్తానంటే, నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఆ ఉంగరాన్ని కంసాలికి ఇచ్చి అతికించడం మాత్రం ఇప్పుడే తొందరపడకండి, వేలు పాత కొలతకు రావడానికి ఇంకా టైమ్ పడుతుంది.